మూడంగుళాల లోతు చాలు

హాల్లో గోడకి క్యాసెట్లు, సీడీలు, రికార్డుల కోసం ర్యాకులు చేయించుకుందామనుకునేవాళ్లు నన్నడిగితే నేను చెప్పేది ఒకటే. ముందు వస్తువుని కొలవండి, ఆ తర్వాత గోడని కొలవండి. చాలామంది గోడ చూసుకుని, దానికి నప్పే ర్యాకు కొనుక్కుని, చివర్లో వస్తువులు అందులో సర్దబోతారు. అందం అక్కడే పోతుంది.

క్యాసెట్టు డబ్బా నిలబెడితే ఎత్తు 11 సెంటీమీటర్లకి పిసరు తక్కువ, లోతు 7, మందం 1.7. సీడీ డబ్బా ఎత్తు 12.5, లోతు 14.2, మందం 1. డీవీడీ అయితే ఎత్తు 19, లోతు 13.5. రెడీమేడ్‌గా దొరికే గోడ అరలు ఎక్కువగా ఎనిమిది, పది అంగుళాల లోతుంటాయి. అందులో క్యాసెట్లు పెడితే ముందు బెత్తెడు పైనే ఖాళీ మిగులుతుంది. మొదట ఆ ఖాళీలో దుమ్ము చేరుతుంది. తర్వాత తాళంచెవులు, మాత్రల షీట్లు, కరెంటు బిల్లు, పాత ఫోను ఛార్జరు. కొన్నాళ్లకి క్యాసెట్ల పేర్లే కనబడవు. లేదా ఖాళీ వృథా అవుతోందని రెండు వరసలు పెడతారు, వెనక వరసలో ఏముందో ఇంట్లోవాళ్లే మర్చిపోతారు.

మూడంగుళాల లోతు ర్యాకులో ఇవేవీ జరగవు. క్యాసెట్టు పట్టాక ఇంకేదీ పట్టదు. గోడకి అతుక్కున్నట్టు ఉంటుంది కాబట్టి మూడడుగుల నడవలో కూడా భుజానికి తగలదు.

మాది విశాఖ. సముద్రం దగ్గరే. అమ్మ నా దగ్గరికి వచ్చినప్పుడు నాన్నగారి క్యాసెట్లు దాదాపు మూడు వందలు, కొన్ని ఎల్పీ రికార్డులు తనతో తెచ్చుకుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మేము అద్దె ఇంట్లో ఉన్నాం. ఆ గాలికి కిటికీ తలుపులు మూసి ఉన్నా సందుల్లోంచి వాన లోపలికి చిమ్మింది, గదుల్లో నీళ్లు నిలిచాయి. నేలమీదున్న అట్టపెట్టెల అడుగు నాని విడిపోయింది. డబ్బాల్లోపల టేపుకి చాలావాటికి ఏమీ కాలేదు గానీ, పాటల పేర్లున్న కాగితాలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. వాటిని ఫ్యాన్ కింద ఆరబెడుతూ అమ్మ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. సొంత ఫ్లాటు కొనుక్కుంటే ఇవి గోడమీదే ఉండాలని నేను అప్పుడే అనుకున్నాను.

ఆ క్యాసెట్లలో సగం షాపులో కొన్నవి కావు. పాటల లిస్టు రాసిస్తే ఖాళీ క్యాసెట్లో ఎక్కించి ఇచ్చే రికార్డింగు షాపులు అప్పట్లో చాలా ఊళ్లలో ఉండేవి. అరవై నిమిషాల క్యాసెట్టు అంటే ఒక్కో వైపు అరగంట. ప్రతి పాట నిడివీ కూడుకుని, చివర టేపు మిగలకుండా, పాట మధ్యలో తెగకుండా నాన్నగారు లిస్టు తయారుచేసేవారు. విజయవాడ రేడియో భక్తిరంజనిని పొద్దున్నే లేచి టూ ఇన్ వన్‌లో, అంటే రేడియో, టేప్ రికార్డరు కలిసున్న పెట్టెలో, రికార్డు చేసినవి ఇంకో పాతిక. వాటి అంచుమీద నీలం సిరాతో ఆయన రాసిన అక్షరాలే ఉంటాయి, బొమ్మలుండవు. ఇంట్లో అన్నిటికంటే విలువైనవి అవే. ఇంకెక్కడా దొరకవు.

కాబట్టి ఏ గోడ అన్నది మొదట తేల్చుకున్నాం. సముద్రం వైపు బయటి గోడ వర్షాకాలం చెమ్మ పట్టి లోపల పెయింటు పొక్కుతుంది, అది వద్దు. పడమటి గోడ ఎండకి సాయంత్రం దాకా వేడిగా ఉంటుంది, ఎల్పీలు వేడికి వంగిపోతాయి, అదీ వద్దు. బాత్‌రూమ్‌తో కలిసిన గోడ అసలే వద్దు. కిటికీకి ఎదురుగా ఉన్న గోడ చూడ్డానికి బావుంటుంది కానీ రోజూ వెలుతురు పడితే నీలం సిరా వెలిసిపోతుంది. ఇవన్నీ తీసేస్తే మాకు మిగిలింది హాలు నుంచి పడకగదులకి వెళ్లే నడవ గోడ. లోపలి గోడ, నాలుగున్నర అంగుళాల ఇటుక. క్యాసెట్లకి అదే అన్నిటికంటే మంచి చోటు అయింది. సీడీలు టీవీకి రెండు వైపులా వెళ్లాయి. స్పీకర్లు అక్కడే ఉన్నాయి, వాటిలో అయస్కాంతం ఉంటుంది. టేపుకి అది మంచిది కాదు, సీడీకి ఏమీ కాదు.

క్యాసెట్లనీ సీడీలనీ పక్కపక్కన ఒకే గోడమీద పెట్టకపోవడానికి ఇంకో కారణం ఉంది. ఒక ర్యాకు మూడంగుళాలు, ఇంకోటి ఆరంగుళాలు ముందుకొస్తే పక్కనుంచి నడిచేటప్పుడు గోడ ఎగుడుదిగుడుగా కనబడుతుంది. ఎంత ఖరీదైన చెక్క వాడినా ఆ వెలితి పోదు. ఒక గోడకి ఒకే లోతు. ఈ విషయంలో నేను చాలా గట్టిగా ఉంటాను.

మా కార్పెంటర్ గారు పాతికేళ్లుగా ఈ పనిలో ఉన్న మనిషి. "మేడమ్, ఇప్పుడందరూ ముదురు గోధుమ లామినేటే వేయిస్తున్నారు, రిచ్‌గా ఉంటాది" అన్నారు. లామినేటు అంటే ప్లైవుడ్ మీద అంటించే రంగు షీటు. నేను గోడ రంగే కావాలన్నాను. క్యాసెట్ల అంచులు ఒక్కోటీ ఒక్కో రంగు. ఎరుపు, పసుపు, నలుపు, మధ్యమధ్య నాన్నగారి తెల్ల కాగితాలు. వాటి చుట్టూ ముదురు చట్రం పెడితే చట్రమే కనబడుతుంది. ర్యాకు గోడలో కలిసిపోతే కంటికి క్యాసెట్లు మాత్రమే ఆనతాయి. ఆయన ఒక ముక్క లామినేటు తెచ్చి గోడకి ఆనించి చూసి, సరే అన్నారు.

వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ 12 మిల్లీమీటర్లది తీసుకున్నాం. చెక్కపొట్టుని జిగురుతో నొక్కి చేసే ఎండీఎఫ్ పలక ఈ ఊరి చెమ్మకి ఉబ్బిపోతుంది. ఒక్కో ర్యాకు లోపలి వెడల్పు రెండడుగులు, ఐదు అరలు, అరకీ అరకీ మధ్య 12 సెంటీమీటర్లు. క్యాసెట్టు పైన వేలు దూరేంత సందు ఉంటే చాలు, అంతకంటే ఎక్కువ వదిలితే ఖాళీ నల్లగా కనబడుతుంది. అరకి 35 చొప్పున ర్యాకుకి 175 పడతాయి. అలాంటివి రెండు. కొన్ని అరల చివర కాస్త చోటు మిగిలింది, దాన్ని అలాగే వదిలేశాను. బొమ్మలూ మొక్కలూ పెట్టమని చూసినవాళ్లందరూ అంటారు. మూడంగుళాల్లో పట్టే మొక్క ఏముంటుంది చెప్పండి, పైగా దానికి నీళ్లు పోయాలి.

బిగించే పద్ధతి ఆ కార్పెంటర్ గారిదే, నాకు చాలా నచ్చింది. ఒక చెక్క పట్టీని పొడవునా ఏటవాలుగా రెండుగా కోశారు. ఒక సగం గోడకి, ఇంకో సగం ర్యాకు వెనక పైభాగాన. ర్యాకుని ఎత్తి తగిలిస్తే రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చుంటాయి. కింద అదే మందం చెక్క ముక్క ఒకటి పెడితే ర్యాకు నిటారుగా నిలుస్తుంది. దీనివల్ల గోడకీ ర్యాకుకీ మధ్య ముప్పావు అంగుళం సందు ఉండిపోతుంది, గాలి ఆడుతుంది, వెనక బూజు పట్టదు. పెయింటింగు వచ్చినప్పుడు క్యాసెట్లు దించుకుని ర్యాకుని పైకెత్తి తీసేయొచ్చు, ఒక్క స్క్రూ కూడా విప్పక్కర్లేదు. స్క్రూలు మాత్రం స్టెయిన్‌లెస్ స్టీలువి అడిగి కొనండి. సముద్రపు గాలికి మామూలువి తుప్పు పట్టి గోడమీద గోధుమరంగు చారలు దిగుతాయి. స్క్రూ పట్టుకోడానికి గోడ రంధ్రంలో దింపే ప్లగ్గు ప్లాస్టరింగు దాటి ఇటుకలోకి వెళ్లాలి. స్విచ్‌బోర్డుకి సరిగ్గా పైనా కిందా డ్రిల్లు పెట్టకూడదు, లోపల వైర్లుంటాయి. కొత్త అపార్టుమెంట్లలో తేలిక బ్లాకుల గోడలకి వేరే పొడవాటి ప్లగ్గులు కావాలి, పని మొదలుపెట్టే ముందే గోడ దేనితో కట్టిందో కనుక్కోండి.

ఎత్తు దగ్గర మాకు కొంచెం చర్చ జరిగింది. ర్యాకుల పై అంచు తలుపు చట్రం పై అంచుతో ఒకే గీతలో ఉంటే కంటికి హాయిగా ఉంటుంది. గోడమీద ముందే ఉన్న ఒక గీతని పట్టుకుంటే కొత్త వస్తువు మొదటినుంచీ అక్కడే ఉన్నట్టు కనబడుతుంది. కానీ తలుపు ఏడడుగులు. అమ్మకి భుజం నొప్పి, చెయ్యి తలపైకి లేవదు. పై గీత కోసం ఆమెకి అందకుండా చేయడం నాకు ఇష్టం లేకపోయింది. అందుకని పై అంచు మాట వదిలేసి, కింది అంచుని స్విచ్‌బోర్డుల కింది అంచు గీతకి కలిపాం. నడవ అంతా ఒకే గీత నడిచినట్టయింది. కింద రెండు అరలు అమ్మవి: భక్తిరంజని, త్యాగరాజ కృతులు, అన్నమయ్య, ఘంటసాల. కంటి ఎదురుగా వచ్చే మూడో అర నిండా నాన్నగారి చేతిరాతే. పైన నా కాలేజీ రోజుల సినిమా పాటలు.

వరసలో ఏది ఎక్కడ అన్నదానికి అక్షరక్రమం పెట్టలేదు. రంగుల వారీగా సర్దితే ఫొటోకి బావుంటుందని మా అమ్మాయి ఒక అర సర్ది చూపించింది. నిజంగానే ఇంద్రధనుస్సులా ఉంది. అయితే అమ్మకి బాలమురళి దొరకలేదు. పాడినవాళ్ల వారీగా, నాన్నగారు ఎక్కించుకున్నవాటిలో మాత్రం ఆయన వేసుకున్న నంబర్ల వారీగా సర్దేశాం. తెలుగు అక్షరాలు నిలువుగా పెట్టిన అంచుమీద చదవాలంటే మెడ వంచాలి, కాబట్టి ఆ నంబర్లే ఇప్పుడు పనికొస్తున్నాయి.

ఎల్పీల సంగతి వేరు. అడుగు పొడవు వరసకే 15 కిలోల పైమాట. నాలుగున్నర అంగుళాల గోడమీద ఎత్తున అంత బరువు వేలాడదీయాలని నాకు అనిపించలేదు. వాటికి 18 మిల్లీమీటర్ల ప్లైతో, అడుగడుక్కీ ఒక నిలువు చెక్క ఉన్న పెట్టె చేయించి, హాల్లో నేలకి తొమ్మిదంగుళాల ఎత్తున తొమ్మిదంగుళాల మందం గోడకి బిగించాం. చీపురు కిందికి వెళ్తుంది, తడిగుడ్డ నీళ్లు తగలవు. రికార్డులు నిటారుగా నిలబడాలి. పక్కకి ఒరిగితే వంకర తిరుగుతాయి, ఒకదానిమీద ఒకటి పడుకోబెడితే అడుగువాటిమీద బరువు పడుతుంది.

దాని పైన గోడమీద రెండంగుళాల చిన్న పట్టీ ఒకటుంది, ముందు జారకుండా ఆపే సన్నటి చెక్క అంచుతో. అందులో రెండు ఎల్పీల కవర్లు ముఖం కనబడేలా నిలబడతాయి. నాలుగైదు పెడితే షాపులా ఉంటుంది, రెండైతే బొమ్మ గట్టినట్టుంటుంది. వాటిని మార్చే పని అమ్మది. ధనుర్మాసంలో తిరుప్పావై, కార్తీకంలో శివుడి పాటలు, మిగతా రోజుల్లో ఆమెకి ఏది వినాలనిపిస్తే అది. కవరు బయట పెట్టినప్పుడల్లా రికార్డు కూడా తిరుగుతుంది. ఒకే కవరు నెలల తరబడి వెలుతురులో ఉండి రంగు పోకుండా ఈ మార్పిడే కాపాడుతోంది కూడా.

తాతగారి నాటి 78 ఆర్‌పీఎం రికార్డులు మాత్రం గోడదాకా రాలేదు. అవి లక్కతో చేసినవి, జారితే పెంకులా పగులుతాయి. బీరువా కింది అరలో, మధ్యమధ్య అట్టలు పెట్టి, నిలువుగా ఉంచాం.