చింతగింజల లెక్క

నేనూ మా ఆయనా ఇద్దరం చామనచాయే. పెద్దది మాత్రం దబ్బపండు ఛాయలో పుట్టింది. చిన్నది నలుపు. ఇక చూస్కోండి, మా బంధువులకి తొమ్మిదేళ్ళుగా ఇదే పని.

వేసవి సెలవులకి పుట్టింటికి వెళ్తే వీధి చివరింటి పిన్నిగారు అడగనే అడిగారు, "ఇదెవరి పోలికే? మీ అత్తగారి వైపా?" అని. చిన్నది పక్కనే ఉంది. వినపడనట్టు చెప్పు పట్టీ సర్దుకుంటోంది.

మధ్యాహ్నం అష్టాచమ్మా ఆడుతుంటే చెప్పాలనిపించింది. గచ్చు మీద అరగదీసిన నాలుగు చింతగింజలు. ఒకవైపు తెలుపు, ఒకవైపు నలుపు.

"రంగు తేల్చే జన్యువులు రెండే ఉన్నాయనుకుందాం. ఒక్కోటీ జంటగా ఉంటుంది. నా ప్రతి జంటలో ఒకటి తెలుపు, ఒకటి నలుపు. నాన్నకీ అంతే. ఒక్కో జంట నుంచి నేనొకటి, నాన్నొకటి ఇస్తాం. మొత్తం నాలుగు గింజలు. ఏది పడుతుందో మా చేతుల్లో లేదు. వెయ్యి."

రెండు తెల్లగా పడటానికి 16లో 6 దారులు. ఒకటికి 4, మూడుకి 4. నాలుగూ తెల్లగా పడే చమ్మకి ఒక్కటే, నాలుగూ నల్లగా పడే అష్టకి ఒక్కటే. అంటే మాలాంటి జంటకి మధ్యరకం పిల్లలే ఎక్కువ పుట్టాలి. అలాగని చమ్మ పడకూడదనీ లేదు, అష్ట పడకూడదనీ లేదు. పోలికల పంచాయితీ ఎందుకు?

1909లో స్వీడన్ శాస్త్రవేత్త నిల్సన్-ఏలె గోధుమల్లో చూపించింది ఇదే. ఎర్రగింజ రకాన్నీ తెల్లగింజ రకాన్నీ కలిపితే, మనవల తరంలో ఒకచోట 64కి ఒక్కటే తెల్లది. అంటే మూడు జన్యువులు, ఆరు చింతగింజలు.

మన ఒంట్లో గింజలన్నీ ఒకే బరువు కావు లెండి. 2005లో జీబ్రా చేపల ద్వారా బయటపడిన ఎస్‌ఎల్‌సీ24ఏ5 అనే జన్యువుది చర్మం రంగులో పెద్ద చెయ్యి. 2013లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్ళు కూడా పాల్గొన్న పరిశోధనలో దక్షిణాది వాళ్ళలోనూ దాని ప్రభావం కనబడింది. ఆపైన ఎండ ఉండనే ఉంది. ఎత్తు సంగతైతే మరీను. 54 లక్షల మంది డీఎన్‌ఏ చూసి, 12 వేల పైచిలుకు తేడాలకి దాంతో సంబంధం ఉందని 2022లో తేల్చారు. అన్ని గింజలు అరగదీసేసరికి సెలవులు అయిపోతాయి.

చిన్నది ఇదంతా ఎంత విన్నదో తెలీదు. గింజలు గలగలలాడించి వేసింది. "అమ్మా, నాలుగూ నల్లగా పడితేనేగా ఎనిమిది?" అంటూ, పండబోతున్న అక్క కాయని చంపేసి, ఇంకో పందెం తనదేనని గింజలు మళ్ళీ గుప్పిట్లోకి తీసుకుంది.