తిట్ల ప్రూఫులు

మంగళవారం

రెండో ముద్రణకు వెళ్లాల్సిన కథల సంపుటి ప్రూఫులు బల్ల మీదున్నాయి. లారీ డ్రైవర్లు, క్లీనర్లు, దాబాలు, చెక్‌పోస్టులు. మొదటి ముద్రణ చదివినవాళ్లు రాసిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు కూడా రచయిత ఒక ఫైల్లో పెట్టి పంపారు. ఎక్కువమంది అడిగింది ఒకటే: కథలు బాగున్నాయి గానీ ఆ బూతులు లేకుండా రాయలేరా అని. ఎర్ర పెన్నుతో ఆ బూతులకి సున్నాలు చుట్టడంతోనే పూటంతా గడిచిపోయింది.

అడిగింది ఒకటే అయినా అడగడానికి కారణాలు వేరు. అన్నిటినీ ఒక గాటన కట్టి, "మడి కట్టుకున్న పాఠకులు" అని కొట్టిపారేయడం రచయితలకి అలవాటు. ఇంట్లో పిల్లలు చదువుతారు అనేది ఒక కారణం. వారపత్రికల రోజుల్లో ఇది న్యాయమైన మాటే. ఒక్క కాపీ ఇంటిల్లిపాదీ చేతులు మారి పక్కింటికి కూడా వెళ్లేది. అందుకే ఎడిటర్లు తిట్టు కనబడగానే కత్తెర తీసేవాళ్లు. పుస్తకం సంగతి వేరు, కావాలని కొనుక్కున్నవాళ్ల చేతికే వెళ్తుంది. అది పెద్దవాళ్ల పుస్తకమని వెనక అట్ట మీద ఒక వాక్యం వేస్తే ఆ ఫిర్యాదుకి జవాబు చెప్పినట్టే. భాష పాడైపోతుంది అనేది ఇంకో కారణం. దీని మీద ఎక్కువసేపు కూర్చోనక్కర్లేదు. వేమన మోటుమాటల్ని అరిగించుకున్న భాష క్లీనరు తిట్టుకి చెడిపోదు.

"మా వైపు ఎవరూ ఇలా తిట్టరండీ" అని ఎవరైనా రాస్తే మాత్రం పెన్ను పక్కన పెట్టి చదవాలి. ఇలా రాసేవాళ్లలో కొందరికి ఊరి పరువు బాధ ఉంటుంది, నిజమే. కానీ చాలాసార్లు వాళ్లు తప్పు పట్టుకుని ఉంటారు. తిట్టు ప్రాంతాన్ని పట్టించినంతగా ఇంకే మాటా పట్టించదు. బాడ్కావ్, లత్కోరు అన్నవాడు తెలంగాణవాడు. నీ తస్సదియ్యా అన్నవాడిది గోదావరి వైపు. నా బట్టా అంటే చిత్తూరు గాలి తగులుతుంది. ఈ సంపుటిలోనే ఒక నల్లగొండ డ్రైవరు కోపంలో "నీ తస్సదియ్యా" అంటాడు. రెండు తప్పులు. ఆ మాట ఆ ప్రాంతానిది కాదు, పైగా గోదావరి జిల్లాల్లో కూడా దాన్ని కోపంలో కంటే ఆశ్చర్యంలో, మురిపెంలోనే ఎక్కువ వాడతారు. సినిమాలో విన్న తిట్టు కలంలోకి వచ్చేసిందన్నమాట. అలాగే రాయలసీమలో స్నేహితులిద్దరు కలిస్తే "ఏం నాకొడకా, కనపడ్డంలా" అనుకోవచ్చు. అదే మాట విజయవాడ బస్టాండులో కొత్తవాడిని అంటే చెంప పగులుతుంది. పాత్ర ఎక్కడివాడు, ఎదుటివాడు ఎక్కడివాడు అని రెండూ చూసుకోకుండా వేసిన తిట్టు కథని చెడగొడుతుంది. దాన్ని పాఠకుడు బూతు అని పిలిచినా అతనికి తగిలింది అబద్ధం.

ఉత్తరాలకి రచయితలు సాధారణంగా ఇచ్చే జవాబు: "జీవితంలో ఉన్నదే రాశాను." ఇంతకంటే బలహీనమైన జవాబు లేదు. జీవితంలో ఉన్నదంతా ఎవరూ రాయరు. డ్రైవరు గంటసేపు మాట్లాడిన దాంట్లో "అదే... ఇందాక... ఏంటంటే" అన్నవన్నీ తీసేశాం, దగ్గు తీసేశాం, ఒకే మాట పదిసార్లు అన్నది ఒకసారికి కుదించాం. ఇంత ఏరివేత చేసి, తిట్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఉన్నదున్నట్టు దించానంటే పాఠకుడు నమ్మడు, నమ్మకూడదు కూడా. అక్కడ ఆ తిట్టు ఉంచాలని రచయిత నిర్ణయించుకున్నాడు. ఎందుకు ఉంచాడో చెప్పగలగాలి, లేకపోతే తీసెయ్యాలి.

ఉంచడానికి గట్టి కారణం ఒకటుంది. తిట్టు నీళ్లలాంటిది, పై నుంచి కిందికే పారుతుంది. ఓనరు డ్రైవర్ని తిడతాడు, డ్రైవరు క్లీనర్ని తిడతాడు, క్లీనరు దాబాలో గ్లాసులు కడిగే పిల్లాడిని తిడతాడు. డ్రైవరు క్లీనర్ని దులుపుతుండగా ఓనరు ఫోను మోగితే అదే నోరు "ఆఁ, చెప్పండి సార్" అంటుంది. ఆ రెండు వాక్యాలూ పక్కపక్కన ఉంటే లారీలో ఎవరి కింద ఎవరున్నారో విడిగా ఒక పేరా రాయనక్కర్లేదు. అయితే దీనికి రచయిత క్రమశిక్షణ పాటించాలి. అందరూ అందర్నీ ఒకే మోతాదులో తిట్టుకుంటూ పోతే ఆ ఎత్తుపల్లాలు చదునైపోతాయి, తిట్టు వట్టి ఊతపదంగా మిగులుతుంది. ప్రూఫుల్లో మూడో కథ అచ్చంగా ఇలాగే ఉంది. ఆర్టీవో ఆఫీసు గుమాస్తాతో కూడా డ్రైవరు అదే నోటితో మాట్లాడతాడు. లైసెన్సు కావాల్సినవాడు అలా మాట్లాడడు. బయటికొచ్చి టీ బంకు దగ్గర మాట్లాడతాడు.

వాక్యం స్థాయిలో చూడాల్సినవి ఇంకా ఉన్నాయి. మొదటి ముద్రణలో ఒక డైలాగు ఇలా ఉంది: "నాకొడకా, నీయబ్బ, జాకీ సరిగ్గా పెట్టరా ఎదవ నాకొడకా." ఒక ఊపిరిలో మూడు తిట్లు. గట్టిగా పైకి చదివితే మూడోదాని దగ్గర నాలుక తడబడుతుంది, చెవి అప్పటికే వినడం మానేస్తుంది. తెలుగులో తిట్టు వాక్యం మొదట్లో వస్తే పిలుపులా పనిచేస్తుంది, చివర వస్తే దెబ్బలా పడుతుంది, మధ్యలో వస్తే ఊపిరి తీసుకునే చోటు. మూడు చోట్లా నింపేస్తే ఏదీ పనిచేయదు. మార్చింది ఇది: "జాకీ సరిగ్గా పెట్టరా నీయబ్బా, తలకాయ మీదికొస్తది బండి." ఒక్కటే తిట్టు, దాని వెనక నిజమైన భయం. క్లీనరు ప్రాణం మీద డ్రైవరుకున్న ఆదుర్దా కూడా అందులోకి వచ్చేసింది. ముందు వాక్యంలో అది లేదు.

సున్నా చుట్టిన ప్రతిచోటా చేసిన పరీక్ష సులువే. తిట్టు తీసేసి చదవాలి. అర్థమూ వేడీ అలాగే ఉంటే అది అక్కర్లేదు. వేడి తగ్గితే ఉంచాలి. వేడి తగ్గి, ఇంకో క్రియాపదంతో ఆ వేడి తిరిగి తేగలిగితే ఆ క్రియాపదమే మేలు. "తాంబూలాలిచ్చేశాను, ఇక తన్నుకు చావండి" అన్న అగ్నిహోత్రావధాన్లు మాటలో బూతు ఒక్కటీ లేదు. కన్యాశుల్కం 1897లో అచ్చయింది, ఆ మాట ఇవాళ్టికీ జనం నోట్లో ఉంది. కథనంలో, అంటే రచయిత సొంత గొంతులో వచ్చే తిట్లకి ఇంకాస్త కఠినంగా ఉండాలి. పాత్ర తిడితే అది పాత్ర స్వభావం, కథకుడు తిడితే అది రచయిత అభిప్రాయం. 1965లో సమాజాన్ని కవిత్వంలో తిట్టిపోస్తూ దిగంబర కవులు వచ్చినప్పుడు గొడవ అంత పెద్దదవడానికి ఒక కారణం ఇదే. ఆ కోపం ఏ పాత్రకీ తగిలించింది కాదు, కవి తన సొంత గొంతుతోనే తిట్టాడు. "అది పాత్ర భాషండీ" అనే గొడుగు వాళ్లకి లేదు, వాళ్లు అడగనూ లేదు.

చుక్కల గొడవ వేరే. "ల......కొడకా" అని వేస్తే పాఠకుడు ఆగి, ఖాళీ పూరించి, ముందుకెళ్తాడు. అంటే మామూలుగా అరక్షణంలో దాటేసే మాటని చుక్కలు పెట్టి రెండు క్షణాలు చదివించామన్నమాట. పైగా ఒక కథలో చుక్కలు, ఇంకో కథలో పూర్తి మాట ఉంటే, మొదటిదాంట్లో భయపడ్డారు, రెండోదాంట్లో మర్చిపోయారు అనిపిస్తుంది. పుస్తకం మొత్తానికి ఒకే పద్ధతి ఉండాలి. చుక్కల కంటే "అమ్మనా బూతులూ తిట్టాడు" అని కథనంలో చెప్పేయడం నయం. తెలుగుకి ఈ సౌకర్యం ఎప్పట్నించో ఉంది. కాకపోతే దాన్ని కీలకమైన ఘట్టంలో వాడితే చేతకాక తప్పుకున్నట్టుంటుంది. దారిలో వచ్చే చిన్న తగాదాలకి సరిపోతుంది.

మధ్యాహ్నం ఒక ఉత్తరంలో "కేసు వేయొచ్చు తెలుసా" అన్న వాక్యం కనబడింది. వేయొచ్చు, ఎవరైనా వేయొచ్చు. నిలబడుతుందా అన్నది వేరే మాట. సమరేశ్ బసు బెంగాలీ నవల ప్రజాపతి 1967లో దేశ్ పత్రిక శారదీయ (దసరా ప్రత్యేక) సంచికలో వచ్చింది. మోటు భాష, వీధి యాస. కింది కోర్టు శిక్ష వేసింది, హైకోర్టు సమర్థించింది, 1985లో సుప్రీంకోర్టు కొట్టేసింది. మోటుగా ఉన్న రాతంతా అశ్లీలం కాదని ఆ తీర్పు తేల్చింది. మోటుతనం రోత పుట్టిస్తుంది, విసుగు కూడా పుట్టిస్తుంది, అంతమాత్రాన చదివినవాడి నడతని చెరచదు అన్నారు. ఆ "విసుగు" దగ్గర ఆగాల్సొచ్చింది. జడ్జీలు మంచి ప్రూఫ్ రీడర్లయ్యేవాళ్లు. జడ్జి ముందు రచయిత స్థానంలో, తర్వాత అన్ని వయసుల పాఠకుల స్థానంలో నిలబడి చూడాలని కూడా ఆ తీర్పులోనే ఉంది. 2024 మార్చిలో కాలేజ్ రొమాన్స్ అనే వెబ్ సిరీస్ కేసులోనూ సుప్రీంకోర్టు ఇదే దారిలో వెళ్లింది. కోపంలో వాడే తిట్లని వాటి నిఘంటువు అర్థంతో చూసి అశ్లీలం అనకూడదంది. పాత శిక్షాస్మృతిలో అశ్లీల రచనల మీద 292గా ఉన్న సెక్షను 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 294 అయింది, కాబట్టి ఇకమీద బెదిరించేవాళ్లు అంకె సరిచూసుకుని బెదిరించాలి.

కోర్టు ఒప్పుకుందని పాఠకుడు ఒప్పుకోవాలని లేదు. ముఖ్యంగా రెండు చోట్ల. ఒకటి కులం పేరుతో తిట్టడం. ఎస్సీ, ఎస్టీలను నలుగురి ముందు కులం పేరుతో తిట్టడం 1989 నాటి అట్రాసిటీల చట్టం కింద నేరం. చట్టం అలా ఉంచినా, ఆ తిట్టు కథలో పడితే తగిలేది పాత్రకి ఒక్కడికే కాదు, చదువుతున్న మనిషికి కూడా. ఊరి పెద్ద నోట దాన్ని పెట్టడం తప్పదు అనుకుంటే, తిట్టినవాడి మీదే కాకుండా తిట్టు తిన్నవాడి మీద కూడా కథ నిలబడాలి. అతను ఏం చేశాడు, ఆ రాత్రి ఇంట్లో ఏం మాట్లాడాడు అన్నది లేకుండా తిట్టు మాత్రం వేసి వదిలేస్తే రచయిత కూడా ఊరి పెద్ద గుంపులో నిలబడ్డట్టే. ఐదో కథలో అలా ఒకటుంది. ఆ పేజీ మార్జిన్లో ప్రశ్నార్థకం పెట్టాను. నిర్ణయం రచయితది.

రెండోది ఆడవాళ్ల వైపు నుంచి. ఒక పాఠకురాలు రాసిన వాక్యం సూటిగా ఉంది: కొట్లాడుకునేది ఇద్దరు మగవాళ్లు, తిట్లు తినేది వాళ్ల అమ్మలా? దీనికి "జనం అలాగే తిడతారు" అని జవాబిస్తే ఆమెకి తెలిసిందే ఆమెకి చెప్పినట్టు. ఇక్కడ రచయితకి వేరే పనిముట్లున్నాయి. శాపనార్థాలు తెలుగులో బూతుల కంటే పెద్ద సంపద: నీ చెయ్యి పడిపోను, నీ నోట్లో మన్నుబడ, నీ కొంప కూల. కుళాయి దగ్గర కొట్లాటలో ఇవి బూతుల కంటే పదునుగా తెగుతాయి, ఒక్కోటి ఒక్కో దృశ్యం. ఇంకో వింత, మగ పాత్ర నోట చెల్లిన మాటే ఆడ పాత్ర అంటే ఉత్తరాలు రెట్టింపవుతాయి. దాబా నడిపే సూరమ్మ పాత్రని "అంత నోరేంటి" అన్నవాళ్లెవరూ డ్రైవర్ల నోటిని పట్టించుకోలేదు. సూరమ్మ తిట్లు ఒక్కటీ మార్చలేదు. హైవే పక్కన రాత్రంతా పొయ్యి మండించే మనిషికి ఆ నోరే తాళంకప్ప.

సాయంత్రం రచయితతో ఫోను. సుమారు మూడో వంతు తీసేయడానికి ఒప్పుకున్నారు, నల్లగొండ డ్రైవరు విషయంలో వెంటనే "అయ్యో" అన్నారు. ఐదో కథ గురించి ఆలోచిస్తానన్నారు. ఉత్తరాలకి విడివిడిగా జవాబులు రాయొద్దని, రెండో ముద్రణ ముందుమాటలో వాదన కూడా వద్దని చెప్పాను. ఏ తిట్టు ఎందుకు ఉందో ముందుమాటలో చెప్పాల్సొచ్చిందంటే కథలో అది పండలేదనే.

ఆడియోకి కూడా ఇస్తున్నారట. అది తేలిగ్గా తీసుకునేది కాదు. కాగితం మీద కంటితో దాటేసే మాటని గొంతు దాటెయ్యదు. వంటింట్లో ఫోను పెట్టుకుని వినేవాళ్ల ఇంట్లో అది హాల్లోకి వినబడుతుంది. కాలేజ్ రొమాన్స్ కేసులో హైకోర్టు జడ్జే ఆ ఎపిసోడ్ చూడ్డానికి ఇయర్‌ఫోన్లు పెట్టుకోవాల్సొచ్చిందని రాశారు. పుస్తకంలో పెట్టిన చుక్కల్ని గొంతు పలకలేదు కూడా, చదివే మనిషి అక్కడ ఏదో ఒకటి అనాలి. స్టూడియోలో అప్పటికప్పుడు తేల్చుకుంటే ఒక్కో కథలో ఒక్కోలా వస్తుంది. అందుకని పేజీ నంబరు, పాత్ర పేరు, తిట్టు, దాన్ని అరవాలా గొణగాలా నవ్వుతూ అనాలా అని నాలుగు గళ్ల పట్టిక ఒకటి రికార్డింగుకి ముందే ఇవ్వాలి. నాలుగో గడి రచయితే నింపాలి. రేపు పొద్దున్న పట్టిక గీసి పంపితే, డీటీపీ వాళ్లు అడిగిన గురువారం లోపల ప్రూఫులూ పట్టికా రెండూ ఒకేసారి తెమిలిపోతాయి.