కేసు కరిగింది, మిషిను మిగిలింది

పాత బంగారు చేతి గడియారాల కోసం ఉత్తర తెలంగాణలో తిరిగితే ముందు కనబడేది బంగారు రంగే, బంగారం కాదు. వరంగల్ చౌరస్తా దగ్గరి సందులో వాచీలు బాగుచేసే ఒకాయన నా ముందు ఒక ట్రే పెట్టాడు. అన్నీ తళతళలాడుతున్నాయి. వెనక మూతలు తిప్పి చూస్తే చాలావాటి మీద ‘20 మైక్రాన్లు’ అని ఉంది. అంటే మిల్లీమీటరులో యాభయ్యో వంతు పూత! పట్టీ కలిసే అంచుల్లో అప్పటికే ఇత్తడి తొంగి చూస్తోంది. డయళ్లకు కూడా ఎవరో మళ్లీ రంగేశారు, ‘స్విస్ మేడ్’ అక్షరాలు వంకరపోయాయి. అలాంటివి నేను ముట్టుకోను. మాసిపోయిన అసలు డయలే నాకు ముద్దు.

హనుమకొండలో బస్సెక్కి హుజూరాబాద్ మీదుగా కరీంనగర్ చేరాను. ఊరి నడుమ టవర్ సర్కిల్, చుట్టూ బంగారం దుకాణాలు. గడియార స్తంభం నీడలోనే గడియారాలు కరుగుతాయని అప్పటికి నాకు తెలియదు.

అక్కడికి దగ్గర్లోనే ఓ ముసలి అవుసులాయన (కంసాలి) కొట్టు. విషయం చెప్పగానే బల్ల కింది నుంచి బిస్కెట్ల డబ్బా తీశాడు. నిండా ఒంటిమీద కేసు, అంటే బయటి లోహపు తొడుగు, లేని మిషిన్లు. వేలితో కదిలిస్తుంటే ఒకటి రాగి రంగులో మెరిసింది. ఒమేగా, క్యాలిబర్ 561 (మిషిను మోడల్ నంబరు), 24 జ్యువెల్స్ (లోపలి రాళ్లు). నంబరు 24తో మొదలయ్యే ఎనిమిదంకెలు, అంటే 1966 ప్రాంతంలోది. పక్కనే దాని డయల్, అంచులు పన్నెండు పలకలుగా కిందికి వాలినది. ఒమేగా వాళ్ల కాన్‌స్టెలేషన్ మోడల్! నాకు చేతులు వణికాయి.

"దీని కేసేది తాతా?"

"ఎప్పుడో కరిగింది బిడ్డా. గీటురాయి మీద గీసిన, పద్దెనిమిది క్యారెట్లొచ్చింది. తూకం జూసి పైసలిచ్చిన. మిషిను పారెయ్య బుద్ధిగాక ఉంచిన."

ఆ కరిగిన కేసు వెనక మూత మీద ఎనిమిది నక్షత్రాల కింద జెనీవా అబ్జర్వేటరీ బొమ్మ ఉండేది. ఆయనకు అది బంగారంలో నాలుగో వంతు కల్తీ ఉన్న ముక్క, అంతే. తప్పేముంది, తెచ్చినవాళ్లు అడిగింది కూడా తూకమే కదా. 2025లో తులం లక్ష దాటాక ఈ డబ్బా ఇంకా తొందరగా నిండుతోందట. ధర ఎక్కేకొద్దీ అరుదైన వాచీ ఇంకా అరుదవుతుంది. కరిగిన ఆ బంగారు ముద్దను కొన్నవాళ్లు మాత్రం దాంతో ఏ గొలుసో చేయించుకుంటారు.

మిషిను, డయల్ కలిపి ఆయన అడిగినంతా ఇచ్చేశాను, బేరమాడలేదు.

జగిత్యాల దారిలో కొండగట్టు దాటుతుంటే వాన. అక్కడ గల్ఫ్‌కి పోయొచ్చిన ఇళ్లు ఎక్కువ కాబట్టి సీకోలు, సిటిజన్లు దండిగా దొరుకుతాయి, బంగారం మాత్రం అరుదు. ఒకింట్లో మాత్రం పాత టీచరుగారి వాచీ ఉందన్నారు. ఆయన కొడుకు అల్మారాలోంచి గుడ్డలో చుట్టింది తెచ్చాడు. భూతద్దంతో మూత లోపల చూశాను. చిన్న ఉడుత ముద్ర! స్విట్జర్లాండ్‌లో పద్దెనిమిది క్యారెట్లకు స్త్రీ తల, పద్నాలుగుకు ఉడుత కొట్టేవారు. 1995 నుంచి ఆ రెండింటి స్థానంలో కుక్క తల వచ్చింది. ఇది పద్నాలుగు, అసలుది. కీ తిప్పితే నడిచింది కూడా.

బంగారం విలువ ఎంతో నిజంగానే చెప్పి, దానిపైన ఇంత ఇస్తానన్నాను. ఆయన భార్యకేసి చూశాడు.

"చిన్నదాని లగ్గం ఉన్నది సార్. అవుసులాయన ఒక మాట చెప్పిండు. మీరు చెప్పింది ఎక్కువనే. కానీ బాపుది... రేపు సంక్రాంతికి అన్నదమ్ములం కూసుంటం. అప్పుడు ఫోన్ చేస్త."

కరిగించొద్దని మాత్రం గట్టిగా చెప్పి, నా నంబరు వాళ్ల క్యాలెండర్ మీద రాసి వచ్చాను.