'మూడుసార్లు రాలేదు'

పొద్దున్నే ఐదున్నరకి ఫోన్ మోగింది. నేను పిల్లల కోర్టులో ప్రొబేషన్ ఆఫీసర్ని, అంటే పిల్లల పరిస్థితి చూసొచ్చి కోర్టుకి రిపోర్ట్ రాసే ఉద్యోగం. ఈ వారం రాత్రి కాల్స్ చూసే వంతు నాది. అవతల పోలీస్ స్టేషన్. 14 ఏళ్ళ అమ్మాయి. రాత్రి ఇంట్లో గొడవ, తల్లిని తోసేసి బయటికి వెళ్ళిపోయింది, తెల్లవారుజామున దొరికింది. వాళ్ళు అడిగేది ఒకటే ముక్క: "ఉంచమంటారా మేడమ్, పంపించమంటారా?"

పిల్లల కోర్టులో పని అంటే అందరూ జడ్జిగారి ముందు జరిగేదే అనుకుంటారు. జడ్జిగారు ఆ పిల్ల మొహం చూడకముందే మాలాంటి వాళ్ళం ఎవరో ఒకళ్ళం ఇలా నిద్రకళ్ళతో ఒక నిర్ణయం తీసుకునేసి ఉంటాం. 1985లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బీజింగ్ నియమాల్లో 13వది ఇదే చెప్తుంది: విచారణకు ముందు పిల్లల్ని నిర్బంధించడం ఆఖరి మార్గంగానే ఉండాలి, అదీ వీలైనంత తక్కువ కాలం. చదివినప్పుడు ఎవరికీ అభ్యంతరం ఉండని మాట. కానీ తల్లి ఫోన్‌లో "ఈ ఒక్కరోజు దాన్ని ఇంటికి తేకండి, నాకు చేతకావడం లేదు" అని ఏడుస్తుంటే అది నిలబెట్టడానికి ఎవరినో ఒకరిని వెతకాలి. ఆరు ఫోన్లు చేశాక పిన్ని దొరికింది. "నేనొచ్చి తీసుకెళ్తా" అని ఇంకో మాట లేకుండా అంది. ఆవిడ స్టేషన్‌కి చేరిందని మెసేజ్ వచ్చేదాకా నేను కుర్చీలోంచి లేవలేదు.

తర్వాత ఆఫీసు. రేపు వాయిదా ఉన్న కేసుకి ఇవాళ సాయంత్రంలోపు రిపోర్ట్ పెట్టాలి. 15 ఏళ్ళ కుర్రాడు. ఇంకో ఇద్దరితో కలిసి ఎవరిదో బండి తీసుకెళ్ళి గోడకి గుద్దాడు. ఎవరికీ పెద్దగా దెబ్బలు తగల్లేదు. తప్పు ఒప్పుకున్నాడు. ఇప్పటిదాకా వేరే ఆఫీసర్ చూసిన ఫైల్, ఆయన బదిలీ అవడంతో నా దగ్గరికి వచ్చింది. పైన ఒక వాక్యం ఉంది: 'పర్యవేక్షణ అపాయింట్‌మెంట్లకు మూడుసార్లు రాలేదు. సహకరించే ధోరణి కనిపించదు.'

మొదటి వాక్యం రికార్డు. తేదీలతో సహా ఉంది. రెండో వాక్యం దాని మీద ఒకరు కట్టుకున్న అభిప్రాయం. ఈ రెండూ పక్కపక్కన పడేసరికి రెండోది కూడా రికార్డులాగే కనిపిస్తుంది. ఫైల్ చేతులు మారేకొద్దీ అది ఇంకా గట్టిపడుతుంది. ఇంకో ఏడాది పోతే ఎవరూ అది ఎక్కడినుంచి వచ్చిందని అడగరు, ఆ కుర్రాడి పేరు పక్కన 'సహకరించడు' అని ఉండిపోతుంది.

నాకీ విషయంలో పాత గాయం ఉంది. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఒక తల్లి గురించి 'కేసు పట్ల ఆసక్తి చూపలేదు' అని రాశాను. నేను మాట్లాడినంతసేపూ ఆవిడ తల పక్కకి తిప్పుకుని కూర్చుంది. నాలుగు నెలల తర్వాత తెలిసింది, ఆవిడకి ఒక చెవి పూర్తిగా వినపడదని. వినపడే చెవి నా వైపు తిప్పి కూర్చుందట. ఆ రిపోర్ట్ అప్పటికి జడ్జిగారు చదివేశారు, సవరణ రాసి పంపాను కానీ సవరణ కాగితాన్ని ఎవరు ఎంత శ్రద్ధగా చదువుతారో నాకు తెలుసు.

అందుకని ఇవాళ ఫోన్‌లో కనుక్కుని రాసేయొచ్చని తెలిసినా ఇంటికే వెళ్ళాను. మాతో కొత్తగా చేరిన అమ్మాయి కూడా వచ్చింది. చేరి మూడు వారాలే. దారిలో అడిగింది, "మేడమ్, మనం ఎవరి వైపు? లాయర్ పిల్లాడి వైపు ఉంటాడు, ప్రాసిక్యూటర్ అవతలి వైపు. మరి మనం?" చాలా మంచి ప్రశ్న. ఇన్నేళ్ళయినా నాకు దానికి ఒక్క వాక్యంలో జవాబు లేదు. మేం కోర్టు మనుషులం. కానీ కోర్టు చూడలేనిది చూసి రావడానికి పంపిన మనుషులం. మేం పిల్లాడికి సాయం చేస్తాం, వాడు మాట తప్పితే ఆ సంగతి కోర్టుకి చెప్పేదీ మేమే. రెండూ ఒకే చేత్తో చేయాలి.

ఆ అమ్మాయికి జాన్ ఆగస్టస్ కథ చెప్పాను. బోస్టన్‌లో బూట్లు కుట్టుకునేవాడు. లాయరు కాదు, ఉద్యోగీ కాదు. 1841లో పోలీసు కోర్టులో తాగుడు కేసులో నిలబెట్టిన ఒక మనిషిని చూసి, ఇతనికి నేను పూచీ ఉంటాను, మూడు వారాలు గడువివ్వండి అని అడిగాడు. మూడు వారాలయ్యాక ఆ మనిషిని తీసుకొస్తే కోర్టులో వాళ్ళు గుర్తుపట్టలేకపోయారట. ఒక సెంటు జరిమానా, కోర్టు ఖర్చులు వేసి వదిలేశారు. తర్వాత పిల్లలకి కూడా పూచీ ఉన్నాడు. 1858 నాటికి అలా 1,946 మంది. మా ఉద్యోగం అక్కడినుంచి పుట్టింది. 1899లో షికాగోలో మొదటి జువెనైల్ కోర్టు పెట్టినప్పుడు కూడా ప్రొబేషన్ ఆఫీసర్లకి ప్రభుత్వ ఖజానానుంచి జీతం ఇవ్వకూడదని చట్టంలోనే రాశారు. ఆ కోర్టుకి వచ్చిన మొదటి కేసు 11 ఏళ్ళ పిల్లాడిది, దొంగతనం. సంస్థకి పంపకుండా నాయనమ్మో అమ్మమ్మో ఉన్న ఇంటికి పంపారు. పొద్దున నేను పిన్ని కోసం ఫోన్లు చేస్తున్నప్పుడు నాకు గుర్తొచ్చింది అదే.

కుర్రాడి ఇంటికి వెళ్ళాం. తలుపు వాడే తీశాడు. నన్ను చూడగానే అందరూ అడిగేదే అడిగాడు, "మీరు పోలీసా?" కాదన్నాను. నమ్మలేదు. తల్లి పనికి వెళ్ళడానికి తయారవుతోంది. రెండు గదులు. ఏడెనిమిదేళ్ళ తమ్ముడు నేలమీద కూర్చుని ఏదో గీసుకుంటున్నాడు.

తలుపు వెనకాల ఒక కాగితం టేపుతో అంటించి ఉంది. స్కేలుతో గళ్ళు గీసి, పైన తేదీ, మొదలైన టైము, ఆగిన టైము, ఎంతసేపు అని నాలుగు హెడ్డింగులు. కింద కుదురుగా, కొంచెం వంకర అక్షరాలతో వరుసలు. 'రాత్రి 11.40, 11.42, రెండు నిమిషాలు.' 'పొద్దున 6.15, 6.19, నాలుగు నిమిషాలు, పెదవి కొరుక్కున్నాడు.' ఏంటిది నాన్నా అని అడిగాను. "తమ్ముడికి ఫిట్స్ వస్తాయి. ఎంతసేపు వచ్చిందో రాసి తెమ్మన్నాడు డాక్టర్" అన్నాడు. ఎవరు రాస్తారు? "నేనే. అమ్మకి అప్పుడు చేతులు వణుకుతాయి."

నా ఫైల్లో ఉన్న మూడు తేదీలూ నాకు నోటికి వచ్చు. ఆ కాగితం మీద వెతికాను. రెండో తేదీ ఉంది. మధ్యాహ్నం 3.10, మూడు నిమిషాలు. మా అపాయింట్‌మెంట్ 3.30కి.

మిగతా రెండు రోజుల్లో ఏమీ లేదు. అడిగాను. మొదటిరోజు ఫ్రెండ్స్‌తో బయటికి వెళ్ళాడట, నేల చూస్తూ చెప్పాడు. మూడోరోజు గుర్తులేదన్నాడు. అబద్ధం ఆడి మూడింటికీ తమ్ముణ్ణే కారణం చేయగలిగి ఉండేవాడు. చేయలేదు. ఇది నేను రిపోర్ట్‌లో రాశాను, అలాగే, ఈ వరుసలోనే.

"ఆరోజు ఇలా జరిగిందని ఆ సార్‌కి ఎందుకు చెప్పలేదు?" అని అడిగితే వాడు తల్లి వైపు చూశాడు. ఆవిడే చెప్పింది. "నేనే వద్దన్నాను మేడమ్. మూర్ఛ ఉన్న పిల్లాణ్ణి ఇంకో పిల్లాడి మీద వదిలేసి పనికి పోతున్నానని తెలిస్తే చిన్నాణ్ణి తీసుకెళ్ళిపోతారని."

నాకు గొంతు తడారిపోయింది. ఎందుకంటే ఆవిడ భయం ఊరికే పుట్టింది కాదు. పిల్లల్ని పెద్దవాళ్ళు సరిగా చూసుకోవడం లేదని ఫిర్యాదు వస్తే ఆ కేసు నడిచేదీ ఇదే కోర్టులో. మా ఆఫీసులోనే పెద్దాడి ఫైల్ ఒక బల్ల మీద ఉంటే చిన్నాడి ఫైల్ ఇంకో బల్ల మీద తెరవొచ్చు. పెద్దాడికి మేలు చేసే ఆ ఒక్క కాగితమే తల్లికి కీడు చేయగలదు. బయటికొచ్చాక కొత్తమ్మాయి మెల్లగా అంది, "మేడమ్, తమ్ముడి సంగతి రాయకుండా, ఇంట్లో ఆరోగ్య సమస్య ఉందని మాత్రం రాస్తే?"

ఆలోచించలేదని అనను. దారంతా అదే ఆలోచించాను. కానీ అలా చూచాయగా రాస్తే జడ్జిగారికి 'మూడుసార్లు రాలేదు' అన్నది గట్టిగా వినపడుతుంది, 'ఆరోగ్య సమస్య' సాకులా వినపడుతుంది. పైగా ఆ చిన్నాడికి నిజంగానే ఒక పెద్దమనిషి దగ్గర ఉండాలి. 15 ఏళ్ళవాడు ఎంత బాగా రాసినా అది వాడు మోయాల్సిన బరువు కాదు. దాచిపెడితే వాడి మీద అది అలాగే ఉంటుంది.

కాబట్టి మళ్ళీ లోపలికి వెళ్ళాను. నేను ఏం రాయబోతున్నానో తల్లికి అక్కడే నిలబడి చెప్పాను. చెప్పకుండా రాయడం నా వల్ల కాదు. అమెరికాలో గాల్ట్ అనే కుర్రాడి కేసు మాకు శిక్షణలో చెప్తారు. 1964లో, 15 ఏళ్ళవాడు, ఫోన్‌లో అసభ్యంగా మాట్లాడాడని పట్టుకెళ్ళారు. తల్లి పనినుంచి ఇంటికొచ్చేసరికి కొడుకు లేడు, ఎక్కడికి తీసుకెళ్ళారో చెప్పే చీటీ కూడా లేదు. ప్రొబేషన్ ఆఫీసర్ కోర్టులో వేసిన కాగితం ఆ తల్లిదండ్రులకి చూపించలేదు. పెద్దవాళ్ళకయితే చిన్న జరిమానా లేదా రెండు నెలల జైలుతో పోయే నేరానికి వాణ్ణి 21 ఏళ్ళు వచ్చేదాకా ఉంచొచ్చని పంపేశారు. 1967లో అక్కడి సుప్రీంకోర్టు అది తప్పని తేల్చింది. ఆ తీర్పు చదివిన ప్రతిసారీ నాకు జడ్జి గుర్తురాడు, ఆ ఆఫీసరే గుర్తొస్తాడు. తను మంచే చేస్తున్నానని అనుకుని ఉంటాడు.

రాసినవి ఇవి. వాడు రాని మూడు రోజులూ, వాటి కారణాలూ. తలుపు వెనకాల కాగితం, గళ్ళతో సహా. తల్లి పని వేళలు. తర్వాత సిఫార్సు: అపాయింట్‌మెంట్ తల్లి ఇంట్లో ఉండే సాయంత్రం పూటకి మార్చాలి, చిన్నాడికి పగటిపూట చూసుకునే సాయం ఈ కేసులో భాగంగానే ఏర్పాటు చేయాలి, బండి యజమానికి కట్టాల్సింది విడతల్లో కట్టనివ్వాలి. తల్లి అన్నీ విని, "చిన్నాణ్ణి తీసుకెళ్ళరు కదా?" అని ఒక్కటే అడిగింది. తీసుకెళ్ళరని మాటివ్వలేదు. తీసుకెళ్ళాల్సిన అవసరం నాకు కనపడలేదని, అదే రాస్తానని చెప్పాను. ఆవిడకి ఆ రెండింటికీ తేడా తెలుసు. తల ఊపింది.

మధ్యాహ్నం ఫ్యామిలీ కోర్టు వైపు పని. ఏడేళ్ళ పాప, అమ్మానాన్నలకి కస్టడీ కేసు. మా గదిలో తక్కువ ఎత్తు బల్ల, రంగు పెన్సిళ్ళ డబ్బా ఉంటాయి. నేనెప్పుడూ "ఎవరి దగ్గర ఉంటావమ్మా" అని అడగను. 1989 బాలల హక్కుల ఒడంబడికలో 12వ అధికరణ పిల్లల మాట వినాలంటుంది. వినడం వేరు, తీర్పు ఆ పిల్లచేత చెప్పించడం వేరు. రోజు ఎలా గడుస్తుంది, నిద్ర రాకపోతే ఎవర్ని లేపుతావు, హోంవర్క్ ఎక్కడ చేస్తావు, ఇవే అడుగుతాను. ఇవాళ పాప గీస్తూ గీస్తూ ఆగి అడిగింది: "ఆంటీ, నేను చెప్పింది నువ్వు అమ్మకీ నాన్నకీ చెప్పేస్తావా?"

ఎంతమంది పిల్లలు అడిగినా ఈ ప్రశ్న నాకు అలవాటు కాలేదు. చెప్పనని ఒట్టేస్తే అప్పుడే అన్నీ చెప్పేస్తారు. అలా ఒట్టేసే పెద్దవాళ్ళ మధ్యే ఆ పాప ఇన్నాళ్ళూ ఉంది. "జడ్జిగారికి రాసి ఇస్తాను. అది అమ్మా నాన్నా కూడా చదువుతారు. నువ్వు చెప్పకూడదనుకున్నది చెప్పక్కర్లేదు" అన్నాను. కాసేపు ఆలోచించి, పెన్సిల్ మళ్ళీ తీసుకుని, మిగిలిన అరగంటా ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నేనూ పక్కన కూర్చుని ఆకులు గీశాను. ఆ అరగంట నోట్స్‌లో 'మాట్లాడటానికి ఇష్టపడలేదు' అని చెయ్యి రాయబోయింది. ఆపి, 'తన మాటలు ఎవరు చదువుతారో అడిగింది, విన్న తర్వాత బొమ్మ గీసుకుంది' అని రాశాను.

ఏడింటికి రిపోర్ట్ పెట్టేశాను. పిన్ని దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది: పిల్ల మధ్యాహ్నందాకా పడుకుంది, లేచి తల్లికి తనే ఫోన్ చేసింది, ఇద్దరూ రెండు నిమిషాలు మాట్లాడుకున్నారు, ఏం మాట్లాడుకున్నారో తెలీదు.

రేపు పదిన్నరకి ఆ కుర్రాడి వాయిదా. తల్లి సెలవు పెడితే ఒకరోజు జీతం పోతుంది, అయినా వస్తానంది. చిన్నాణ్ణి కూడా తీసుకొస్తుందట, వదిలేసి రావడానికి ఎవరూ లేరు. కోర్టు వరండాలో బెంచీ మీద కాకుండా పాప కూర్చున్న గదిలో కూర్చోబెట్టమని కొత్తమ్మాయికి చెప్పాను. ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టాలని, నోట్లో ఏమీ పెట్టకూడదని, టైము చూసుకోవాలని కూడా చెప్పాను. అప్పటికే నోట్‌బుక్‌లో నాలుగు గళ్ళు గీసుకుని ఉంది.

డబ్బాలో గోధుమరంగు పెన్సిల్ పూర్తిగా అరిగిపోయింది. పొద్దున్నే కొనాలి.