జాలీ గళ్లు కనబడని రోజు

మే నెలలో ఒక శనివారం, ఆరు కాకముందే మా పూల్ చూసుకునే అబ్బాయి గేటు దగ్గర నిలబడి పిలిచాడు. "నానీ, పాణి గోళియా హెయిగలా." గంజాం వైపు ఒడియాలో నానీ అంటే అక్క. నీళ్లు మసకగా అయిపోయాయంటున్నాడు.

బరంపురం నుంచి గోపాల్‌పూర్ వెళ్లే దారిలో, మావయ్య గారి స్థలంలో చిన్న స్విమ్మింగ్ పూల్ నడుపుతున్నాం. 12 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, ఒక చివర మూడడుగుల లోతు, ఇంకో చివర ఐదడుగుల పైన. లెక్క కడితే 90 వేల లీటర్ల నీళ్లు. వేసవి సెలవుల్లో తెలుగు పిల్లలూ ఒడియా పిల్లలూ కలిసి ఈత నేర్చుకోవడానికి వస్తారు.

లోతు వైపు అడుగున నల్లటి జాలీ మూత ఒకటుంది. గట్టు మీద నిలబడి చూస్తే దాని గళ్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా ఉండాలి. ఆ రోజు గళ్లు సరే, అసలు మూతే కనబడలేదు. పూల్ నిండా పలచటి గంజి పోసినట్టుంది.

నా గుండె ఝల్లుమంది. ఈ నీళ్లలో ఒక పిల్లవాడు అడుగుకి జారిపోతే పైనున్నవాళ్లకి తెలియనే తెలియదు. మునిగిపోయే పిల్లలు చాలాసార్లు కేక కూడా వేయలేరు, చప్పుడు లేకుండా కిందికి పోతారు. వెంటనే గేటుకి బోర్డు తగిలించేశాను. ఫీజు కట్టిన తల్లిదండ్రులు కొందరు ఫోన్లో గట్టిగానే మాట్లాడారు. "కొంచెం మసకే కదమ్మా, మా చిన్నప్పుడు చెరువుల్లో ఈదలేదా?" అన్నారొకరు. అడుగు కనబడేదాకా ఎవర్నీ దింపనని చెప్పేశాను.

నాకు అంతుపట్టని సంగతి ఇంకొకటి. క్లోరిన్ వాసన ముక్కు పగిలేలా వస్తోంది. రోజూ వేసే చుక్కల మందు టెస్టులో పసుపు రంగు బాగానే వచ్చింది. క్లోరిన్ బోలెడుందనే కదా అర్థం, మరి మసకెందుకు?

తేడా ఆ చుక్కల్లోనే ఉంది. ఆ పసుపు రంగు మొత్తం క్లోరిన్‌ని చూపిస్తుంది, అందులో పని చేసేదెంతో విడదీసి చెప్పదు. పిల్లల చెమటా మూత్రమూ నీళ్లలో కలిస్తే క్లోరిన్ వాటితో కలిసి క్లోరమైన్లుగా మారుతుంది. కళ్లు మండించేదీ, ఆ ఘాటు వాసన తెచ్చేదీ అవే. క్రిముల్ని చంపడంలో వాటి బలం చాలా తక్కువ. అంటే వాసన ఎక్కువగా ఉందంటే చాలాసార్లు మంచి క్లోరిన్ తక్కువైందనే. ఇన్నేళ్లూ వాసన చూసి ధైర్యం తెచ్చుకునేదాన్ని. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

పని చేసే క్లోరిన్‌ని విడిగా చూపించే డీపీడీ మాత్రల కిట్ తెప్పించి చూశాను. మొదటి మాత్ర వేస్తే నీరు లేత గులాబీ రంగుకి తిరిగింది, ఫ్రీ క్లోరిన్, అంటే ఇంకా పని చేసే క్లోరిన్, 0.5 పీపీఎం (లీటరుకి అర మిల్లీగ్రాము). మామూలుగా 1 నుంచి 3 మధ్య ఉండాలి. రెండో రకం మాత్ర కూడా వేస్తే రంగు చిక్కబడి 1.7 చూపించింది. తేడా 1.2, అదంతా క్లోరమైన్లుగా కట్టుబడిపోయిన క్లోరిన్. నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ 8 ఉంది. అది ఇంకో దెబ్బ. పీహెచ్ 7.5 దగ్గర ఫ్రీ క్లోరిన్‌లో దాదాపు సగం బలమైన రూపంలో ఉంటుంది, 8కి చేరితే పావు వంతే. పైగా మా బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, పీహెచ్ పెరిగితే అది కూడా విడిపోయి నీటిని తెల్లగా చేస్తుంది.

రెండు రోజుల ముందు కాల్‌బైశాఖి గాలివాన వచ్చి ఇసకా సరుగుడు ఆకులూ తెచ్చి పోసింది. తలకి కొబ్బరి నూనె దట్టంగా పట్టించుకుని వచ్చే పిల్లల సంగతి సరేసరి. నీటి అంచున పలకల మీద జిడ్డు గీత వేలికి తగులుతుంది. ఆ నూనె కూడా క్లోరిన్‌ని తినేస్తుంది.

మావయ్య గారు పటిక కలపమన్నారు. ఆయన చిన్నప్పుడు ఇంట్లో చిల్లగింజ అరగదీసి కుండలో కలిపేవారట, తెల్లారేసరికి నీళ్లు తేటపడేవట. పటిక సన్నటి మట్టిని ముద్దకట్టించి కిందికి దించుతుంది, నిజమే. కానీ క్రిములూ క్లోరమైన్లూ అలాగే ఉండిపోతాయి. ముందు షాక్ చేద్దాం మావయ్యా, అన్నాను.

షాక్ అంటే కట్టుబడిన క్లోరిన్‌కి దాదాపు పది రెట్లు ఒకేసారి ఇవ్వడం. అప్పుడే క్లోరమైన్లు విరిగిపోతాయి. 1.2కి పది రెట్లు, 12 పీపీఎం. 90 వేల లీటర్లకి అసలు క్లోరిన్ 1,080 గ్రాములు కావాలి. మా దగ్గరున్నది 65 శాతం క్లోరిన్ ఇచ్చే కాల్షియం హైపోక్లోరైట్ పౌడర్, అది సుమారు 1,660 గ్రాములు. కిందటేడు ఈ లెక్కలేవీ లేకుండా బ్లీచింగ్ పౌడర్ సంచి తెచ్చి నేరుగా గుమ్మరించాను. కొట్లో అంటగట్టింది పాత సరుకు, సముద్రపు గాలికి బలమంతా పోయింది. మిగిలిన సున్నంతో నీళ్లు ఇంకా తెల్లబడ్డాయి.

ఈసారి మధ్యాహ్నమే యాసిడ్‌ని రెండు విడతలుగా కలిపి పీహెచ్ 7.4కి దించాం, పంపు ఆడుతూనే ఉంది. యాసిడ్ డబ్బా తీసుకెళ్లి వేరే గదిలో పెట్టాకే క్లోరిన్ డబ్బా మూత తీశాను. ఆ రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది. టీసీసీఏ అనే ఇంకో రకం క్లోరిన్ బిళ్లల్ని కూడా ఈ పౌడర్‌కి దూరంగా ఉంచాలి, కలిస్తే మంటలు లేచే ప్రమాదం ఉంది. పొద్దు గూకాక మొదలుపెట్టాం, ఎండలో అయితే క్లోరిన్ ఇట్టే విరిగిపోతుంది. బకెట్ నీళ్లలోకి పౌడర్ వేయాలి, పౌడర్ మీద నీళ్లు పోయకూడదు. చేతికి గ్లవ్స్, కళ్లకి అద్దాలు. అడుగున తెల్లటి మడ్డి దిగాక పైన తేటని గట్టు చుట్టూ నడుస్తూ పోశాం.

గంట తర్వాత టెస్ట్ చేస్తే గులాబీ రంగు ఒక్క క్షణం మెరిసి తెల్లబడిపోయింది. సున్నా అనుకుని ఇంకో కేజీ పోయబోయాను! క్లోరిన్ మరీ ఎక్కువైనా ఆ రంగు విరిగిపోతుందని అప్పుడు గుర్తొచ్చింది. ఒక వంతు పూల్ నీళ్లకి నాలుగు వంతులు బాటిల్ నీళ్లు కలిపి చూస్తే రెండున్నర వచ్చింది, ఐదు రెట్లు చేస్తే 12 పైనే.

ఆదివారం పొద్దున్న నీళ్లు ఇంకా పాలలాగే ఉన్నాయి. క్లోరిన్ 4కి పడిపోయింది. రాత్రి ఎండ ఉండదు కాబట్టి అంత క్లోరిన్‌ని నీళ్లలో ఉన్నదేదో తినేసిందన్నమాట. పని ఇంకా మిగిలే ఉంది. చచ్చిన నాచునీ సన్నటి దుమ్మునీ బయటికి లాగాల్సింది మాత్రం ఇసక ఫిల్టరే. దాని ఒత్తిడి మీటర్ ముల్లు మామూలుగా 12 పీఎస్‌ఐ దగ్గర ఉంటుంది, మురికి పట్టి 20కి చేరింది. బ్యాక్‌వాష్ పెట్టగానే, అంటే ఇసకలోకి నీటిని ఎదురు దిశలో పంపి కడగడం మొదలుపెట్టగానే, పక్కనున్న చిన్న గాజు గొట్టంలో డికాక్షన్ రంగు నీళ్లు ఉరికాయి. అది నెమ్మదిగా పలచబడి తేటగా అయ్యేదాకా వదిలి, తర్వాత రిన్స్ పెట్టాం. ఆ రోజు ఇలా మూడుసార్లు చేశాం. రాత్రికి మళ్లీ ఒక కేజీ పైచిలుకు కలిపి 10కి తెచ్చాను.

సోమవారం తెల్లవారుజామున చూస్తే 9 పైనే ఉంది. రాత్రంతా నిలబడిందంటే తినేది ఇక లేదు. ఆ రోజు ఎండకి వదిలేశాం, సాయంత్రానికి 3కి దిగింది.

మంగళవారం నేను వెళ్లేసరికి ఆ అబ్బాయి గట్టు మీద గొంతుకూర్చుని ఉన్నాడు. "నానీ, జాలీ దిశుచి," అన్నాడు. నేనూ వంగి చూశాను. గళ్లు ఒక్కొక్కటీ కనబడుతున్నాయి. మావయ్య గారు కూడా వచ్చి కళ్లజోడు సర్దుకుని లెక్కపెట్టారు.

బోర్డు తీసి, షవర్ దగ్గర సబ్బులు పెట్టించాను. ఏడింటికి మొదటి బ్యాచ్ వచ్చింది. నూనె తలలతో ఉన్న ఇద్దరు ఆడపిల్లల్ని నేనే తీసుకెళ్లి తలస్నానం చేయించి నీళ్లలోకి దింపాను.