నల్ల పూలు కుండీలో కనబడాలంటే

కుండీ నిండా నల్ల పెటునియా మొక్కలే నాటితే నాలుగడుగులు వెనక్కి వేయగానే పువ్వే కనబడదు. 12 అంగుళాల కుండీలో రెండు నల్లవి, అంచున మూడు తెల్ల అలిసమ్ మొక్కలు చాలు. వెనక సున్నం వేసిన గోడ ఉంటే ఎంత బాగుంటాయో!

తిరుపతి ఎండకు ముదురు రేకులు తెల్లవాటికన్నా ఎక్కువ వేడెక్కి త్వరగా వాడిపోతాయి. నవంబరు వానలు తగ్గాక నాటి, ఫిబ్రవరి దాకా పూయించుకోవడమే మేలు. పొద్దుటి ఎండ నాలుగైదు గంటలు, తర్వాత నీడ. నల్ల ప్లాస్టిక్ కుండీ మాత్రం వద్దు, వేర్లు ఉడికిపోతాయి. ఎర్రమట్టి రెండు పాళ్లు, కొబ్బరిపొట్టు ఒకటి, వర్మీకంపోస్టు ఒకటి, గుప్పెడు వేపపిండి. యూరియా వేస్తే ఆకులే.

వేడి పెరిగితే రేకులకు ముదురు రంగునిచ్చే ఆంథోసయనిన్ తగ్గి రంగు పలచబడుతుంది. తెగులనుకుని మందు కొట్టకండి.