మోంట్‌సెనీ కొండ ఎక్కాను, సైకిలు దుకాణం దాటడానికే చెమటలు పట్టాయి

మోంట్‌సెనీ కొండల్లో సైకిలు తొక్కడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. గేటు లేదు, టికెట్టు లేదు. బార్సిలోనాకు ఈశాన్యాన రైల్లో సుమారు గంట దూరంలో ఉన్న ఈ అడవిని యునెస్కో 1978లోనే బయోస్ఫియర్ రిజర్వుగా, అంటే కాపాడుకోవాల్సిన ప్రకృతి ప్రాంతంగా, గుర్తించింది. అయినా లోపలి నుంచి పోయే తారు రోడ్డు అందరిదీ. నన్ను ఆపిందల్లా నగరంలో సైకిలు అద్దెకిచ్చే దుకాణం. తొడల నొప్పి తగ్గకముందే, కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

ఆఫీసు పని మీద హైదరాబాదు నుంచి వచ్చి కొన్ని నెలలుగా బార్సిలోనాలో ఉంటున్నాను. దీపావళికి సెలవు పెట్టాను. ఇక్కడి వాళ్లకు అది మామూలు పనిరోజే కాబట్టి రోడ్డు ఖాళీగా ఉంటుందని లెక్క వేశాను. వెబ్‌సైటులో బుకింగ్ చిటికెలో అయిపోయింది.

దుకాణానికి వెళ్లాక మొదలైంది అసలు కథ. స్పెయిన్‌లో మనిషికి రెండు ఇంటిపేర్లు ఉంటాయి, ఒకటి తండ్రి వైపుది, ఒకటి తల్లి వైపుది. మనకు ఒకటే. వాళ్ల కంప్యూటర్‌లో రెండో గడి ఖాళీగా వదిలితే ఒప్పందం ముందుకు కదలదట. కౌంటర్‌లోని కుర్రాడు మా అమ్మగారి పుట్టింటివారి పేరు చెప్పమన్నాడు. చెప్పాను. అది పాస్‌పోర్టులో లేదే అన్నాడు. లేదు, ఎలా ఉంటుంది? పాస్‌పోర్టులో లేనిది రాస్తే బీమా చెల్లదని కూడా అతనే అన్నాడు. మరి ఏం చేద్దాం అంటే భుజాలెగరేశాడు. నా పాస్‌పోర్టును దొంగనోటును పరీక్షించినట్లు వెలుతురుకు ఎత్తి పట్టి చూశాడు. నా వెనక హెల్మెట్లు చేతిలో పట్టుకుని ఒక గుంపు నిలబడి ఉంది. వాళ్లలో ఒకాయన గడియారం చూసుకోవడం నాకు వినిపించేంత నిశ్శబ్దం.

చివరికి లోపల మరమ్మతు చేసుకుంటున్న పెద్దాయన, దుకాణం యజమాని, చేతుల గ్రీజు గుడ్డకు తుడుచుకుంటూ వచ్చి మా ఇంటిపేరునే రెండో గడిలో మళ్లీ కొట్టాడు. కంప్యూటర్ ఒప్పుకుంది. ఇంత తేలిక పని ఆ కుర్రాడికి ఎందుకు తట్టలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

తరువాత డిపాజిట్. కార్డు మీద 300 యూరోలు ఆపి ఉంచాలి. యంత్రం నిరాకరించింది. మన కార్డులకు విదేశీ లావాదేవీలను మనమే ఆన్ చేసుకోవాలని 2020 నుంచి రిజర్వు బ్యాంకు నియమం. అది తెలిసే హైదరాబాదులోనే ఆన్ చేసుకుని బయలుదేరాను. యాప్ తెరిచి చూస్తే పరిమితి సున్నా. ఈ మధ్య యాప్‌ను కొత్తగా మార్చారట, పాత అమరికలన్నీ పోయాయట. పరిమితి పెంచాలంటే ఓటీపీ కావాలి. ఓటీపీ రావడమైతే వస్తోంది, గడువు తీరిన తరువాత. మళ్లీ అడిగితే పాతది వచ్చి, కొత్తది ఎక్కడో దారిలో ఉంటుంది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. ఆ అమ్మాయి నా పుట్టినతేదీ, ఊరు, చివరగా కార్డుతో కొన్న వస్తువు అన్నీ ఓపికగా అడిగి, "సార్, మీకు దగ్గరలో ఉన్న మా శాఖను సంప్రదించండి" అంది.

కౌంటర్ కుర్రాడు ఇదంతా చూసి, మీ దేశంలో బ్యాంకులు ఉంటాయా అని అడిగాడు. కూరగాయల బండి దగ్గర కూడా ఫోనుతో డబ్బు కట్టే దేశం మాది అని చెప్పబోయి, చేతిలోని ఫోను చూసుకుని ఊరుకున్నాను.

ఇంటద్దెకు దాచిన నోట్లు సంచిలో ఉన్నాయి. పెద్దాయన ముందు ఒక్కొక్కటే లెక్కపెట్టి పెట్టాను. ఆయన నవ్వి రసీదు రాసిచ్చాడు. మీరు వెళ్లేటట్లయితే ముందు రోజు రాత్రే కార్డు పరిమితి చూసుకోండి, కొంత నగదు దగ్గర ఉంచుకోండి. అన్నింటికంటే ముఖ్యం, సైకిలును తీసుకునే ముందు నాలుగు వైపులా ఫోటోలు తీయండి.

రైల్లో సైకిలుకు విడిగా టికెట్టు అక్కరలేదు. కొండ కింద ఉన్న సాంత్ సెలోని అనే ఊరి స్టేషన్‌లో దిగాను.

ఇక్కడ ఒక మాట. మన సైకిళ్లకు ముందు చక్రం బ్రేకు కుడి చేతికి ఉంటుంది, ఇక్కడి సైకిళ్లకు ఎడమ చేతికి. స్టేషన్ బయటే అటూ ఇటూ తిరిగి చేతులకు అలవాటు చేసుకున్నాకే కదిలాను. దుకాణంలో ఈ సంగతి ఎవరూ చెప్పరు, రెండో ఇంటిపేరు మాత్రం అడుగుతారు.

సాంత్ సెలోని నుంచి కొండ మీది సాంతా ఫె అనే చోటు దాకా 20 కిలోమీటర్లకు పైగా ఎక్కుడే. ఎత్తు దాదాపు వెయ్యి మీటర్లు పెరుగుతుంది. అనంతగిరి గుట్టలకు వారం వారం తొక్కిన కాళ్లు కాబట్టి వాలుకు భయపడలేదు. అయితే అనంతగిరిలో ఎక్కుడు మొదలైనట్టే అయిపోతుంది, ఇక్కడ అయిపోయిందనుకున్న చోట మళ్లీ మలుపు. ఎక్కుడు తేలికయ్యేలా వెనక చక్రానికి 34 పళ్ల పెద్ద గేరు ఉన్న సైకిలే అడిగి తీసుకోండి. దుకాణంలో కుర్రాళ్లు తక్కువ పళ్ల గేరు ఉన్న సైకిలు అంటగట్టి బరువు తక్కువని గొప్పలు చెబుతారు.

దారిలోని కాంపిన్స్ ఊరు దాటేదాకా రోడ్డు పక్క బెండు ఓక్ చెట్లు కనిపిస్తాయి. సీసాల బిరడాలు చేసే బెండు వీటి బెరడే. ఒలిచిన చోట మాను ఎర్రమట్టి రంగులో నున్నగా ఉంది, పైన ఒలవని భాగం బూడిద రంగులో పగుళ్లు తేలి ఉంది. ఆగి అరచేయి ఆనించి చూశాను. ఎండ తగిలిన బెరడు వెచ్చగా ఉంది, వేలితో నొక్కితే కాస్త లోపలికి పోతుంది. ఒకసారి ఒలిస్తే మళ్లీ ఒలవడానికి పదేళ్లకు పైగా ఆగాలి. ఇంకా పైకి వెళ్తే ఆకు రాల్చని ఓక్‌లు, ఆపైన చెస్ట్‌నట్ చెట్లు. ముళ్లపంది ముళ్లలాంటి తొడుగులు పగిలి కాయలు రోడ్డంతా దొర్లుతున్నాయి. రోడ్డు అంచున అడవిపందులు తవ్వి పోసిన మట్టి ఇంకా తడిగానే ఉంది.

వాహనాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని వచ్చాయి. దాటేటప్పుడు సైకిలుకు మీటరున్నర ఎడం ఇవ్వాలని ఇక్కడ చట్టం ఉంది, ఇచ్చారు కూడా. మన దగ్గర లారీవాళ్లు హారను ఇస్తే చాలు, ఎడం ఇచ్చినట్లే భావిస్తారు. ఈ విషయంలో ఎవరేమనుకున్నా నాకు ఫరవాలేదు, సైకిలు తొక్కేవాడిని పురుగులా చూసే అలవాటు మనం మానుకోవాలి.

ఒక మలుపులో తెల్లజుట్టు పెద్దమనిషి "బోన్ దియా" (ఇక్కడి కాటలాన్ భాషలో శుభోదయం) అంటూ నన్ను దాటి వెళ్లిపోయాడు. ఊపిరి అందక బదులు చెప్పలేకపోయాను.

సాంతా ఫె దగ్గర బీచ్ చెట్లు. సముద్రపు బీచ్ కాదు, చల్లటి చోట్ల పెరిగే, ఆకు రాల్చే చెట్టు పేరు ఇది. సముద్రం ఇంత దగ్గరగా ఉన్న చోట మధ్య ఐరోపా అడవి ఏమిటి అనిపిస్తుంది. ఎత్తు, సముద్రం నుంచి ఎక్కివచ్చే పొగమంచు, ఈ రెండూ కలిసి దాన్ని బతికిస్తున్నాయి. పైన 1,706 మీటర్ల తూరో దె లోమె శిఖరం మబ్బులోనే ఉండిపోయింది. ఆకులు రాగి రంగుకు తిరిగాయి. ఇదే సమయంలో ఆదివారం వస్తే కార్లు రోడ్డుకు రెండు వైపులా బారులు తీరి ఉంటాయని ఆఫీసులో చెప్పారు. కాబట్టి వారం మధ్యలోనే వెళ్లండి. బల్ల మీద పులిహోర డబ్బా విప్పాను. ఇందాకటి పెద్దమనిషి అక్కడే ఉన్నాడు. ఒక ముద్ద పెడితే పల్లీలు ఏరుకుని తిన్నాడు, ఎండుమిర్చి చూసి పక్కన పెట్టాడు.

దిగేటప్పుడు చలికోటు వేసుకోవాల్సిందే. తడిసిన బీచ్ ఆకులు మలుపుల్లో జారుతాయి, ఎడమ చేతి బ్రేకు గట్టిగా పట్టారో పల్టీ కొట్టినట్లే.

సాయంత్రం సైకిలు అప్పగిస్తే కుర్రాడు ఫోను దీపం వేసి వెతికి, సీటు కింది గొట్టం మీద గీత చూపించి 60 యూరోలు అన్నాడు. పొద్దున తీసిన ఫోటోలో అదే గీత ఉంది. పెద్దాయనను పిలవమన్నాను. నోట్లన్నీ తిరిగి వచ్చాయి. బ్యాంకు మాత్రం నా ఫిర్యాదు నమోదైందని ఈ పొద్దున మెసేజ్ పంపింది, వివరాలు చూడాలంటే ఓటీపీ కొట్టాలట.